కుడివైపుకి నడిచిన పిల్ల

బొమ్మ నడవదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. కంప్యూటర్లో ఆటలాడే పిల్లలూ, పక్కన కూర్చుని మురిసిపోయే పెద్దలూ అది నిజంగానే నడుస్తోందనుకుంటారు. నడకా లేదు, గిడకా లేదు. ఒకే మనిషి ఎనిమిది రకాలుగా అడుగువేసి నిలబడ్డ ఎనిమిది బొమ్మలుంటాయి, అంతే. ఒకదాని వెనక ఒకటి గబగబా చూపిస్తే మన వెర్రి కళ్లు దాన్ని నడక అనుకుంటాయి. ఆ ఎనిమిదీ ఒకదానిమీద ఒకటి పేర్చితే తలమీద తల, నడుంమీద నడుం కూర్చోవాలి. ఒక్క చుక్క అటో ఇటో జరిగిందా, పిల్ల నడవదు, పూనకం వచ్చినట్టు ఊగుతుంది. ఆ చుక్కలు సరిచేయడమే కామిని ఉద్యోగం. ఫిజీ రాజధాని సువాలో, మార్కెట్‌కి రెండు వీధుల అవతల ఒక మేడమీది ఆఫీసులో ఏళ్ల తరబడి ఆమె చేస్తున్నది అదే.

ఈసారి ఆ ఎనిమిది బొమ్మలూ ఆమె చెల్లెలు కాంతివి. ఆ పిల్ల ఇప్పుడు లేదు. ఫిబ్రవరి వరదల్లో, నవాకాలో పిన్నిగారింటి నుంచి వస్తూ వాగు దాటుతున్న ట్రక్కులోంచి కొట్టుకుపోయింది. ట్రక్కు దొరికింది. నడిపినవాడు దొరికాడు. మామిడికొమ్మ పట్టుకుని వేలాడిన పిన్ని కొడుకు దొరికాడు. కాంతి దొరకలేదు. దగ్గర్లోని కోరోలో, అంటే ఫిజియన్ల పల్లెలో, ఉండే కుర్రాళ్లు, పాపం, ఎవరూ పిలవకుండానే వెదురు తెప్పలు వేసుకుని వచ్చి వాగంతా గాలించారు. మడచెట్ల వేళ్లలో దూరి, సముద్రం మొదలయ్యేదాకా వెతికారు. చివరికి వాళ్ల పెద్ద వచ్చి, తల దించుకుని, క్షమించమని కామిని తల్లి ముందు నేలమీద కూర్చున్నాడు.

తల్లి విద్యావతి ఆయనకి టీ ఇచ్చి పంపింది. కన్నీటి చుక్క రాలలేదు.

"దొరకనేదు కదా," అంది అందరితో. "దొరకనేదంటే పోనేదన్నమాట. ఏ కోరోలోనో ఎవరో తీసి దాసుంటారు. జొరం తగిలి పేరు మర్సిపోయుంటాది. ఒస్తాది."

అప్పటినుంచి ఐదు నెలలుగా లౌటోకా ఊరిపక్క నటబువాలోని వాళ్ల ఇంటి వీధి తలుపుకి గడియ లేదు. విద్యావతి ఎక్కడికీ వెళ్లదు, గుడికి కూడా. పిల్ల వచ్చేసరికి ఇంట్లో మనిషి లేకపోతే ఎలా అంటుంది. తినేది పిట్ట తిన్నంత. భర్త సన్యాసి చక్కెర మిల్లులో పనిచేసి ఎప్పుడో పోయాడు, ఆ దుఃఖాన్ని తట్టుకున్న మనిషే ఇప్పుడు నీరుగారిపోయింది. రెండిళ్ల అవతల ఉండే ఆమె అన్న కిష్టయ్య రోజూ సాయంత్రం వచ్చి వరండాలో కూర్చుంటాడు. ఆయన బాధ ఆయనది. కర్మ చేయకపోతే పిల్ల ఎటూ కాకుండా పోతుందని.

"శరీరం నేకపోతే దర్బలతో బొమ్మ కట్టి దానికే సేత్తారమ్మా," అని బతిమాలాడు ఒకరోజు. "పూజారిని అడిగాను. శాస్త్రంలో ఉందంట. ఆరో నెల ఎల్లకుండా కానిచ్చేద్దాం."

విద్యావతి, తను చెల్లెలినన్న సంగతి కూడా మరిచిపోయింది. "నా కూతురు గడ్డిబొమ్మా? బతికున్న పిల్లకి పిండం పెడతావా? నువ్వు మేనమామవా, ఏటి నువ్వు?" అని మొత్తం తెలుగులోనే కడిగిపారేసింది. ఆ ఇంట్లో మామూలు మాటలన్నీ హిందీలోనే సాగుతాయి. తిట్టడానికీ దండం పెట్టడానికీ మాత్రం తెలుగు. కిష్టయ్య చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడనుకోండి, ఎక్కడికి పోతాడు.

కామిని ఎవరి పక్షమూ కాదు. శని, ఆదివారాలు బస్సెక్కి సువా నుంచి వచ్చి, తల్లి పక్కన కూర్చుని, తిరిగి వెళ్లిపోయేది. చెల్లెలు పోయిందని ఆమెకి తెలుసు. తెలిసినా ఆ మాట తల్లి ముందు నోట రాలేదు. ఆమె కోరిక ఒక్కటే, అది వెర్రిదని ఆమెకీ తెలుసు. అమ్మకి ఒక్కసారి కాంతి నడిచి ఇంటికి రావడం చూపించాలి. ఒక్క ముద్ద ఎక్కువ తింటుందేమో, ఒక్కసారి నవ్వుతుందేమో. అందుకే ఆ బొమ్మల్ని పట్టుకుని వేలాడుతోంది.

ఆఫీసు యజమాని జై మంచివాడే. పనంటే ప్రాణం పెడతాడుగానీ రాతిగుండె కాదు. బడిపిల్లలకి కూరగాయల పేర్లు మూడు భాషల్లో నేర్పే ఆట ఒకటి వాళ్లు తయారుచేస్తున్నారు. బుట్ట పట్టుకున్న ఒక పిల్ల ఇంట్లోంచి బయల్దేరి మార్కెట్‌కి వెళ్తుంది, దాలో దుంపలూ బెండకాయలూ ఏరుకుని ఇంటికొస్తుంది. ఆ పిల్లే కాంతి. వరదల తరవాత జై ఆమె బల్ల దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"కామినీ, పిల్లని మార్చేద్దాం. మా మేనకోడలు మోహినితో నడిపిస్తాను, కొత్త ఫోటోలు తీసుకుందువు. నువ్వు రోజంతా ఆ మొహం చూస్తూ కూర్చోవడం నావల్ల కావట్లేదు."

"మార్చొద్దు జై. నేను చేస్తా."

"చేయగలవా?"

"నేను కాకపోతే ఇంకెవరు చేస్తారు?" అంది కామిని కాస్త విసురుగానే. జై మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆ ఫోటోలు కామిని తీసినవే. కిందటి డిసెంబరులో, సువాలో అక్కాచెల్లెళ్లిద్దరూ ఉండే అద్దె ఇంటి వరండాలో. కాంతి అక్కడే యూనివర్సిటీలో చదువుకునేది. బట్టల తీగమీద నీలం దుప్పటి ఆరేసి, సిమెంటు నేలమీద సుద్దతో గీత గీసి, కెమెరాని స్టూలుమీద పెట్టి, కామిని సర్కస్ మాస్టర్‌లా నిలబడింది. కాంతి బుట్ట పట్టుకుని ఒక్కో అడుగూ వేసి శిలలా ఆగాలి. ఆ పిల్లకి శిలలా ఆగడమా! నోట్లో నువ్వుగింజ నానదు, కాలు ఒకచోట నిలవదు.

"మూతి కదపకు. మూతి కదిపితే తల కదులుతుంది."

"దీదీ, మన వంశంలో మూతి కదపని ఆడది ఎవరైనా ఉందా, చెప్పు?"

"కాలు ఇంకొంచెం పైకి. మడమ. మడమే!"

"ఇంకొంచెం పైకంటే ఎగిరిపోతా."

అలా వాదులాడుకుంటూనే ఎనిమిదీ అయ్యాయి. అప్పుడు కాంతి వెనక్కి తిరిగి, గీతకి అవతలి కొసన నిలబడి, "ఇప్పుడు ఇటునుంచి వస్తా, తియ్యి," అంది.

"అక్కర్లేదులే. ఇవే తిప్పేస్తా. ఒక్క మీట నొక్కితే వెళ్లేది వచ్చేదవుతుంది."

"మోసం కదా అది?"

"అందరూ అలాగే చేస్తారు. పద, ఆకలేస్తోంది."

అందరూ అలాగే చేస్తారన్నది నిజమే. ఈ పని చేసేవాళ్లెవరూ రెండువైపులా ఫోటోలు తీయరు. సగం పనిని తప్పించే మీట చేతికింద ఉండగా చాకిరీ ఎవరు చేస్తారు? కానీ ఇప్పుడు ఆ ఫోటోలు తెరిచి కూర్చున్నప్పుడల్లా, గీతకి అవతలి కొసన బుట్టతో నిలబడ్డ కాంతి కళ్లముందుకొచ్చేది. ఇంకొక్క పావుగంట ఆకలికి ఓర్చుకుని ఉంటే చెల్లెలు తనవైపు నడిచొస్తున్న ఫోటోలు ఎనిమిది ఉండేవి. కామిని ఆ ఆలోచనని తోసేసి, పనిలో తలదూర్చేది.

పనంటే మామూలు పని కాదు. ముందు నీలం దుప్పటినంతా చెరిపేసి, కాంతినొక్కదాన్నే వెంట్రుకవాసి తేడా లేకుండా కత్తిరించాలి. తరవాత బొటనవేలంత బొమ్మగా కుదించాలి. కుదించాక ఎనిమిదింటినీ పేర్చాలి. కింది బొమ్మని సగం పలచన చేసి, దానిమీద రెండోది పరిచి, బాణం మీటతో ఒక్కో చుక్కా జరపాలి. నేలమీద ఆనిన కాలు ఒక గీతమీదే ఉండాలి, లేకపోతే పిల్ల జారిపడుతున్నట్టుంటుంది. నడుం మాత్రం అడుగు అడుగుకీ ఒక్క చుక్క లేవాలి, ఒక్క చుక్క దిగాలి, అది కూడా లేకపోతే బండిమీద లాగుతున్నట్టుంటుంది. మూడో బొమ్మలో బుట్ట మసకబారింది, రెండో బొమ్మలోది కాపీ చేసి అతికించింది. ఆరో బొమ్మలో కాంతి నవ్వు ఆపుకోలేక భుజం ఎగరేసింది. ఆ భుజాన్ని దించాలి. కామినికి దాన్ని దించడానికి ఒక పూటంతా పట్టింది, దించాల్సింది రెండు చుక్కలే.

అన్నీ కుదిరాక ఏదో వెలితి. చూడగా చూడగా తెలిసింది, ముక్కుపుడక లేదు. బొమ్మ చిన్నదయ్యేసరికి కాంతి ఒంటిరాయి పుడక చర్మంలో కలిసిపోయింది. అమ్మ చూస్తే, పుడక ఏదంటుంది. కామిని తన పుడక సువా వచ్చిన కొత్తలోనే తీసి డబ్బాలో పడేసింది, తుమ్మితే నొప్పని. కాంతి మాత్రం ఏనాడూ తీయలేదు. అందుకని మొదటి బొమ్మలో ముక్కుమీద ఒక తెల్ల చుక్క పెట్టి, దాన్నే కాపీ చేసి మిగతా ఏడింటిలోనూ అతికించింది. నడిపించి చూస్తే మొహంమీద ఈగ వాలినట్టు చుక్క ఎగురుతోంది. తల లేచిన చోట లేపి, దిగిన చోట దింపి, ఎనిమిదింటిలోనూ ముక్కుకి సరిగ్గా కూర్చోబెట్టింది. అప్పుడు నడిపిస్తే కాంతి నడిచింది. అచ్చంగా కాంతే, ఆ కాస్త తలెగరేసే నడకతో. కామిని కుర్చీలోంచి లేచి, బాత్‌రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి ఏడ్చింది.

తిరిగొచ్చి ఆ ఎనిమిదింటినీ మరోసారి కాపీ చేసి, మీట నొక్కి, అద్దంలోలాగా తిప్పింది. అప్పటిదాకా కుడివైపుకి నడిచిన పిల్ల ఎడమవైపుకి నడుస్తూ ఇంటికొచ్చింది. ఆ పని పూర్తవడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

ఆ శనివారం లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. సింగటోకా దాటాక చెరకు బళ్లు అడ్డొచ్చి బస్సు ఆగుతూ ఆగుతూ నడిచింది. లౌటోకాలో దిగేసరికి మిల్లు ఆడుతున్న బెల్లపు వాసన ఊరంతా కమ్మేసి ఉంది. ఆ వాసనంటే కాంతికి ఇష్టం, అదొక్కటి చాలు ఇల్లొచ్చిందని చెప్పడానికి అనేది. కామిని టాక్సీలో ముక్కు మూసుకుని కూర్చుంది.

విద్యావతి వంటింటి గడపలో కూర్చుని ఉంది. "తిన్నావా బేటీ?" అని అడిగిందిగానీ జవాబు కోసం చూడలేదు.

"అమ్మా, ఇలా రా. ఒకటి చూపిస్తా."

"ఏటది?"

"కాంతి."

ఆ ఒక్క పేరుకి విద్యావతి లేచి నిలబడింది. కామిని తినే బల్లమీద లాప్‌టాప్ తెరిచింది. తెరమీద ఒక చెక్క ఇల్లు, రేకుల కప్పు, ముందొక మందార మొక్క. గుమ్మంలో బుట్టతో కాంతి. కామిని కుడి మీట నొక్కింది. కాంతి నడిచింది. మందార దాటి, బస్‌స్టాపు దాటి, మార్కెట్‌దాకా నడిచింది. ఎడమ మీట నొక్కింది. కాంతి తిరిగి నడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా నా తల్లీ!" అని విద్యావతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అదే. అదే నడక. ఎలా ఎగరేత్తంది సూడు తల, దొరసానిలాగ! నాకు సూపించు, ఎక్కడ నొక్కాల?"

కామిని చూపించింది. విద్యావతి ఒక వేలితో, స్టవ్ ముట్టుకుంటున్నంత భయంగా నొక్కింది. పిల్ల వెళ్లింది. ఇంకో మీట నొక్కింది. పిల్ల వచ్చింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. విద్యావతి నవ్వింది. ఐదు నెలల తరవాత నవ్వింది. ఆ సాయంత్రం రెండు రొట్టెలు తిని, మూడోది కూడా తుంచింది. కిష్టయ్య వస్తే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, "సూడు అన్నియ్యా, ఒత్తంది సూడు," అని చూపించింది. కిష్టయ్య బొమ్మని చూశాడు, చెల్లెల్ని చూశాడు, కామినిని చూశాడు. వరండాలోకి వెళ్లి, యంగోనా వేళ్ల రసం నింపిన తన చిప్ప ముందు కూర్చున్నాడు.

కామిని ఆయన వెనకే వెళ్లింది.

"ఏటమ్మా ఇది?" అన్నాడాయన, చేతిలో చిప్ప అలాగే పట్టుకుని. "పుండు మానాలని సూత్తంటే నువ్వు దాన్ని గిల్లుతున్నావు. ఇప్పుడింక అది నమ్మేత్తాది. రోజూ ఆ పెట్టె ముందే కూకుంటాది. కర్మ మాటెత్తితే నన్ను ఇంట్లోకి రానిస్తాదా?"

"తింది కదా మామా. నవ్వింది కదా."

"నవ్వింది," అన్నాడు కిష్టయ్య.

ఆయన చెప్పిందాంట్లో అబద్ధమేముంది? మర్నాడు ఉదయం ఆమె లేచేసరికే తల్లి బల్ల దగ్గర ఉంది. స్నానం లేదు, దీపం లేదు. కళ్లజోడు పెట్టుకుని, తెరకి జానెడు దూరంలో మొహం పెట్టి, నొక్కుతోంది. వెళ్లింది, వచ్చింది. వెళ్లింది, వచ్చింది. లాప్‌టాప్ ఇక్కడే వదిలేసి వెళ్లాలా, తీసుకుపోవాలా? తీసుకుపోతే పిల్లని రెండోసారి లాక్కున్నట్టే. వదిలేస్తే ఆ తల్లి బతుకంతా ఆ రెండు మీటల మధ్యే తెల్లారిపోతుంది. ఏంచేయాలో పాలుపోక కామిని టీ పెట్టింది.

టీ తెచ్చేసరికి తల్లి ఎడమ మీట నొక్కడం మానేసింది. కుడి మీట నొక్కుతోంది. పిల్ల మార్కెట్‌దాకా వెళ్తోంది. ఆటని మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ గుమ్మంలోంచి పంపుతోంది.

"అమ్మా, అది నొక్కితే వస్తుంది కదా," అంది కామిని.

"ఒచ్చేది ఇది కాదే."

"ఏంటి?"

"ఎల్లింది మన పిల్లే. ఒచ్చింది మన పిల్ల కాదు." విద్యావతి కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. "ముక్కు సూడు."

కామిని చూసింది. చూసి, టీ కప్పు బల్లమీద పెట్టేసింది. ఎన్ని రోజులు, ఎన్నిసార్లు, ఆ చుక్కని ఎంత జాగ్రత్తగా కూర్చోబెట్టింది! అది చుక్క అనుకుందిగానీ, ముక్కుకి ఏ వైపు అని ఆలోచించలేదు. కుడివైపుకి నడిచే మనిషికి మనవైపుండేది కుడి చెంప. తిప్పేసరికి పుడక ఎడమ ముక్కుకి వచ్చింది. పక్కింటి బిమ్లా పెట్టుకుంటుంది ఎడమవైపు, ఎదురింటి వాళ్లూ పెట్టుకుంటారు, ఆ హిందీ ఇళ్ల ఆడవాళ్లందరిదీ ఎడమే. వీళ్ల ఇంట్లో మాత్రం, ముత్తవ్వ చెరకు తోటల కూలీగా ఓడ దిగినప్పటినుంచీ కుడి ముక్కే. హైస్కూల్లో ఉండగా కాంతి, స్నేహితురాళ్లతో పాటు ఎడమవైపు కుట్టించుకుంటానని పేచీ పెడితే, విద్యావతి రెండురోజులు అన్నం ముట్టలేదు. చివరికి కుడివైపు కుట్టించిందీ విద్యావతే.

"అది... మీట నొక్కి తిప్పానమ్మా," అంది కామిని. "వచ్చేటప్పుడు ఫోటోలు తీయలేదు. వెళ్లేవే ఉన్నాయి. ఉండు, సరిచేస్తా. ఇటునుంచి చూస్తే పుడక కనపడకూడదు, అంతే కదా. చెరిపేస్తా, ఒక్క నిమిషం."

"సెరిపేత్తే అది కాంతి అవుద్దా?"

అవుతుందని చెప్పొచ్చు. తల్లి నమ్మేది కూడానేమో.

"పాలు తాగినప్పుడు నాకేసి ఉండేది ఎడం సెంపే," అంది విద్యావతి. "నాకు మాలుమ్ లేదా అదెలా ఉంటాదో? నిజం సెప్పు బేటీ. ఇందులో దాని ఎడం సెంప ఉందా?"

"లేదమ్మా."

"ఇంకెక్కడన్నా ఉందా?"

కామిని తల అడ్డంగా ఊపింది. "దాన్ని నేనే తిప్పి తెచ్చానమ్మా. కాంతి రాలేదు. ఇంక రాదు."

ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు, ఐదు నెలలుగా. అనేశాక కామిని తల్లి చేతికేసి చూసింది, కొడుతుందేమోనని. కొడితే బాగుండుననిపించింది. విద్యావతి కొట్టలేదు. టీ చల్లారిపోయింది. బయట చెరకు రైలు కూత వేసుకుంటూ మిల్లువైపు పోయింది. కిష్టయ్య గేటు తీసుకుని వచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియక వరండాలోనే నిలబడిపోయాడు.

"ఇందులో ఏది కావాలన్నా సెరపొచ్చా?" అని అడిగింది విద్యావతి.

"చెరపొచ్చు."

"అయితే పుడక తీసెయ్."

"అదే అంటున్నా కదమ్మా, వచ్చేదాంట్లో తీసేస్తే..."

"ఒచ్చేదాంతో నాకేటి పని? ఎల్లేదాంట్లో తియ్యి. మన పిల్లకి తియ్యి."

కామినికి అర్థం కాలేదు. తల్లి మొహంలోకి చూశాక అర్థమైంది.

"మీ నాన్నని కన్న మీ ఆజీ పోయినప్పుడు నేనే తీశాను," అంది విద్యావతి, మామూలుగా, కూర తాలింపు గురించి చెప్పినట్టు. "సబ్బునీళ్లు పెట్టి, నెమ్మదిగా తిప్పి తీశాను, నొప్పెడతాదేమోనని. పుడకతో పంపకూడదు. ఇంటి ఆడది తియ్యాల. తల్లో, అక్కో. దీనికి ఎవరు తీశారు? ఆ నీళ్లకి తెలుసా ఇదంతా?"

కామిని కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆట మూసి, బొమ్మల సాఫ్ట్‌వేర్ తెరిచింది. ఎనిమిది మంది కాంతులు వరసగా వచ్చారు. మొదటిదాన్ని పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది, మొహమంతా గోధుమరంగు గళ్లయ్యేదాకా. ఆ గళ్ల మధ్య ఒక్క తెల్ల గడి. దాని పక్కనున్న చర్మపు రంగుని కాపీ చేసి, తెల్ల గడిమీద పెట్టింది. చుక్క పోయింది.

"నెమ్మది," అంది విద్యావతి.

"నెమ్మదిగానే తీస్తున్నానమ్మా."

రెండోది తీసింది. మూడోది తీసింది. ఒక్కోదానికీ పక్కనున్న రంగు వేరు, వెలుగు వేరు. ఇష్టమొచ్చినట్టు పూస్తే మచ్చ మిగులుతుంది. మచ్చ మిగలకూడదు. కళ్లలో నీళ్లు నిండి గళ్లు కలిసిపోతుంటే తుడుచుకుని మళ్లీ చూసేది. పెట్టినప్పటికంటే తీసేటప్పుడే ఎక్కువసేపు పట్టింది. విద్యావతి ఆమె భుజంమీద చెయ్యేసి నిలబడి, ఒక్కో బొమ్మకీ ఏదో గొణుగుతోంది. దేవుడి పేరో, పిల్ల పేరో.

ఎనిమిదోది వచ్చేసరికి, "ఉండు," అంది. కామిని చేతిమీద తన చెయ్యి పెట్టింది. ఇద్దరి చేతులూ కలిసి మౌస్‌ని జరిపాయి. విద్యావతి వేలే నొక్కింది. ఆఖరి తెల్ల గడి చర్మంలో కలిసిపోయింది.

కామిని బొమ్మని మళ్లీ చిన్నది చేసింది. బుట్ట పట్టుకుని, ఒక కాలు ముందుకేసి, బోసి ముక్కుతో నిలబడి ఉంది కాంతి. మార్పులు దాచమంటావా అని తెర అడిగింది. దాచాక ఇంక పుడక వెనక్కి రాదు. కామిని తల్లికేసి చూసింది.

"దాసెయ్," అంది విద్యావతి.

కామిని నొక్కింది. విద్యావతి వంగి, తెరమీద ఆ బొటనవేలంత మొహాన్ని కొంగుతో ఒకసారి తుడిచింది, చెమట తుడిచినట్టు. తరవాత వీధి గుమ్మందాకా నడిచి వెళ్లి, వరండాలో నిలబడ్డ అన్నని పిలిచింది.

"అన్నియ్యా, పూజారికి సెప్పు. పిల్ల తయారయింది."